పదకొండు సీసాల్లో రెండేసి

మా అత్తగారు శ్యామలాంబగారు బతికున్న రోజుల్లో నాకు చెప్పిన మాటల్లో సగం నేను వినలేదు, విన్నవాటిలో సగం పాటించలేదు. ఒక్కటి మాత్రం పొల్లుపోకుండా పాటించాను. ఎవరింటి గిన్నె అయినా వాళ్ళకు ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. పక్కింటివాళ్ళు గోంగూర పచ్చడి పంపిన గిన్నెలో కనీసం నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసి పంపాలి. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదార. పాతికేళ్ళుగా మా వీధిలో గిన్నెలు అలా తిరుగుతూనే ఉన్నాయి. కొన్ని గిన్నెలు మొదట ఎవరివో కూడా అందరం మర్చిపోయాం.

ఆ మంచి అలవాటుతోనే నేను ఒక ఆడపిల్ల చదువుకు ఎసరు పెట్టాను.

మాది చిలకలూరిపేట హైవే నుంచి లోపలికి ఆరు కిలోమీటర్లు వస్తే తగిలే ఊరు. ఊరికి పడమర గుండ్లగుట్ట రక్షిత అడవి ఉంది. అడవి అంటే పెద్ద చెట్లేమీ ఊహించుకోకండి. బలుసు, తంగేడు, ముళ్ళకంప, మిగతాదంతా రాళ్ళు. గేటు దగ్గర బోర్డు మీద చిరుతపులి బొమ్మ వేశారు. ఆ చిరుతను బొమ్మ గీసినవాడు తప్ప ఇంకెవరూ చూడలేదు. అడవికి మూడు వైపులా పత్తి చేలు, తూర్పున మిరప. నల్ల తామరపురుగు వచ్చిన ఏడాది నుంచి మిరపకు మందు కొట్టని వారం లేదు. ఇప్పుడు డ్రోన్లతో కొడుతున్నారు. తూర్పుగాలి వీస్తే గుట్టమీద నెమళ్ళు కూడా తుమ్ముతాయని మా ఆయన రామకాంత్‌గారు అంటారు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఏడాదికి అలాంటివి రెండు జోకులు వేస్తారు.

ఆ గుట్టలో పురుగుల మీద పరిశోధన చేయడానికి గుంటూరు నుంచి నజ్మీన్ అనే అమ్మాయి వచ్చి, జూన్ నెలలో మా మేడమీద గదిలో అద్దెకు దిగింది. పురుగులంటే పంటను తినేవి కావు, నేలమీద తిరిగే నల్లటి పెంకుపురుగులు. రాళ్ళ కింద, ఆకుల కింద పగలంతా దాక్కుని, చీకటి పడ్డాక బయటికొచ్చి గొంగళిపురుగుల్ని వేటాడతాయి. ఈ అడవిలో అవి ఎన్ని రకాలున్నాయి, ఎక్కడెక్కడ ఉన్నాయి అన్నది ఆమె పని. అందుకోసం నలభై ప్లాస్టిక్ గ్లాసుల్ని అంచు నేలకు సమంగా ఉండేలా పాతిపెట్టి, వాటిలో కాస్త ఉప్పునీళ్ళు పోసింది. రాత్రి తిరిగే పురుగు చూసుకోక అందులో పడుతుంది. నెలకోసారి గ్లాసుల్లో పడ్డవాటిని సీసాల్లోకి మార్చి తెచ్చేవాడు యలమందయ్య. ఆయన అటవీశాఖలో రోజుకూలీ వాచరు. అరవై దగ్గర పడ్డ మనిషి.

నేను డిగ్రీలో జువాలజీ చదివాను. ఆ చదువు ఇన్నేళ్ళలో వంటింట్లో బొద్దింకను చూసి దాని శాస్త్రీయ నామం గుర్తు తెచ్చుకుని, ఆ తర్వాత చెప్పుతో కొట్టడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. అందుకని నజ్మీన్ ఒకరోజు, "కాస్త సాయం చేస్తారా ఆంటీ?" అని అడిగేసరికి పొయ్యిమీద పప్పు వదిలేసి మేడెక్కాను. పప్పు మాడింది. ఆ రోజునుంచి పురుగుల్ని పట్టకారుతో ఏరడం, వడపోయడం, సీసాల్లో స్పిరిట్ పోయడం నా పని. లెక్క రాయడం ఆమె పని.

గుట్ట లోపలి గ్లాసుల్లో బోలెడు పడేవి. మిరియం గింజంత చిన్నవి, ఆకుపచ్చగా మెరిసేవి, ఒంటిమీద ఆరు తెల్ల చుక్కలతో బొటనవేలంత ఉండేది ఒకటి. దాన్ని యలమందయ్య ఆరుచుక్కల దొర అనేవాడు. నాలుగు విడతల్లో ఇరవై మూడు రకాలు తేలాయి. కానీ తూర్పు కంచె వెంట, మిరప చేల పక్కన పాతిన పదకొండు గ్లాసుల్లో నాలుగు విడతల్లోనూ ఒక్కటంటే ఒక్కటి పడలేదు. నజ్మీన్ ఆ పదకొండు సీసాలకూ చీటీలు అంటించి, ఒక్కోదాని ఎదురుగా పుస్తకంలో సున్నా చుట్టి, మిగతావాటితో పాటు అలమరలో పెట్టేది. ఖాళీవి ఎందుకమ్మా దాచడం, పారేయరాదా అని ఒకసారి అడిగాను. ఖాళీ కూడా చూపించాలి కదా ఆంటీ అంది. మా ఆయన చెప్పే లెక్కల్లాగే దీనికీ తలూపి ఊరుకున్నాను.

అక్టోబరులో వాళ్ళమ్మ నజీరాగారికి కంటి ఆపరేషన్ అని నజ్మీన్ వారం రోజులు గుంటూరు వెళ్ళింది. వెళ్ళేముందు సాయంత్రం అలమర ముందు నిలబడి ఆ ఖాళీ సీసాలకేసి చూస్తూ పెద్ద నిట్టూర్పు విడిచింది. పాపం, సున్నాలు చూసి దిగులుపడుతోంది అనుకున్నాను. అది వాళ్ళమ్మ కంటి గురించిన దిగులని తర్వాతగానీ తెలియలేదు. ఐదో విడత సీసాలు వస్తే వడపోసి స్పిరిట్ పోసి పెట్టండి, ఇంకేమీ చేయనక్కర్లేదు అని చెప్పింది. ఇంకేమీ చేయనక్కర్లేదు అనే మాట ఏ ఆడదానికైనా చెప్పి చూడండి.

యలమందయ్య సీసాలు తెచ్చాడు. తూర్పువి పదకొండూ ఎప్పటిలాగే ఖాళీ. వాటిని కడిగి బల్లమీద వరసగా పెడితే, నాకు అవి పేరంటానికి వచ్చి తాంబూలం దొరక్క కూర్చున్న పదకొండుమంది ముత్తయిదువల్లా కనిపించాయి. వారం తర్వాత ఆ పిల్ల వస్తుంది. ఆమె సీసాలు ఆమెకు ఖాళీగా ఎలా ఇవ్వను?

పెరట్లో నాకు నలభై పూలకుండీలున్నాయి. వానలకు కుండీల కింద, ఇటుకల కింద నల్లటి పెంకుపురుగులు దాక్కుని ఉంటాయి. మూడు పొద్దులు పూజ కూడా వాయిదా వేసి కుండీలు ఎత్తి, ఇరవై రెండు పురుగుల్ని పట్టాను. పదకొండు సీసాలు, ఇరవై రెండు పురుగులు. ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ పెట్టే అలవాటు మా ఇంట్లో లేదు. సీసాకు రెండేసి చొప్పున వేసి, స్పిరిట్ పోసి, మూతలు బిగించాను. నజ్మీన్ ముఖం ఎలా వెలిగిపోతుందో ఊహించుకుని నాలో నేను నవ్వుకున్నాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

నజ్మీన్ వచ్చింది. ఎప్పటిలా, నేను కూర పెట్టి ఇచ్చిన డబ్బాలో వాళ్ళింట్లో చేసిన సేమ్యా పెట్టి తెచ్చింది. మేడెక్కి సీసాలు చూసింది. ముఖం వెలగలేదు. తూర్పువాటిలో కూడా పడ్డాయి చూశావా అన్నాను. చూశానాంటీ అంది, అంతే. అలసిపోయిందేమో అనుకున్నాను. ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయనతో ఈ ఘనకార్యం చెప్పలేదుగానీ, పదకొండు సీసాల్లోనూ రెండేసి పడ్డాయట అని మాత్రం అన్నాను.

"అన్నింట్లోనూ రెండేసా? రేషన్ షాపులో కూడా అంత సమంగా పంచరే," అని ఆయన మజ్జిగ పోసుకున్నారు.

అప్పుడు నా ఐదు వందల మార్కుల జువాలజీ కాస్త ఆలస్యంగా నిద్ర లేచింది.

ఆ ఆదివారం నజ్మీన్ గైడు శశిభూషణ్‌గారు కారులో వచ్చారు. పెద్దాయన, మెత్తటి మనిషి. నేను ఉప్మా పెసరట్లు వేశాను. ఆయన ముందుగదిలో కూర్చుని తింటూ నజ్మీన్ పుస్తకం తిరగేస్తున్నారు. ఒక పేజీ దగ్గర ఆగి చాలాసేపు చూశారు. నేను అల్లం పచ్చడి గిన్నెతో తలుపు దగ్గరే ఉన్నాను.

"నాలుగు విడతలు సున్నా. ఐదోసారి పదకొండుకు పదకొండు, రెండేసి," అన్నారాయన. "పురుగులు హాజరుపట్టీలో సంతకం పెట్టడానికి వచ్చాయా అమ్మాయ్?"

నజ్మీన్ తల వంచుకుంది.

ఆయన గొంతు పెంచలేదు. అటవీశాఖ వాళ్ళు కంచె వెంట వంద మీటర్ల మేర మందు కొట్టకుండా రైతుల్ని ఒప్పిద్దామని చూస్తున్నారని, ఆ ప్రయత్నమంతా ఈ సున్నాల మీద నిలబడి ఉందని చెప్పారు. ఇప్పుడీ రెండేసి చూస్తే, మందు వల్ల ఏమీ కాలేదనైనా అనుకోవాలి, లేదా ఎవరో చేత్తో వేశారనైనా అనుకోవాలి. చేత్తో వేస్తే ముందు నాలుగు విడతల్నీ ఎవరు నమ్ముతారు? గైడుకు నచ్చే అంకెలు రావాలని భయంతో కల్పించే పిల్లల్ని చూశానని, దానికన్నా ఏమీ లేని థీసిస్ నయమని అన్నారు.

"నువ్వు వేశావా?"

"లేదు సార్."

"మరి ఎవరు?"

నజ్మీన్ ఒక్కసారి తలెత్తి చూసింది. ఆయనకేసి కాదు. నాకేసి. రెండు క్షణాలు చూసి మళ్ళీ దించుకుంది.

నేను నోరు తెరిచాను. తెరిచిన నోట్లోంచి, "పచ్చడి వేయమంటారా సార్?" అని వచ్చింది.

వేయమన్నారు. వేశాను.

బుధవారంలోగా పుస్తకాలు, సీసాలు అన్నీ పట్టుకుని రమ్మని, ఈ పని కొనసాగాలో వద్దో అప్పుడు చూద్దామని చెప్పి ఆయన వెళ్ళిపోయారు. పోతూ పోతూ పెసరట్లు చాలా బాగున్నాయన్నారు. జీవితంలో ఒక మెచ్చుకోలు అంత చేదుగా ఉంటుందని నాకు తెలియదు.

మధ్యాహ్నం డబ్బాలో గుత్తివంకాయ కూర పెట్టుకుని మేడెక్కాను. తప్పు చేసినవాళ్ళు ఏదో ఒకటి చేతిలో పట్టుకుని వెళ్ళడం కూడా మా ఇంటి ఆచారమే. నజ్మీన్ భూతద్దం ముందు కూర్చుని ఉంది. కుర్చీ జరిపి, చూడండాంటీ అంది. చూశాను. అద్దం కింద నల్లటి పురుగు, దాని వెనక కాలికి చిక్కుకుని గోధుమరంగు పోగు ఒకటి.

"ఏమిటమ్మా అది?"

"కొబ్బరిపీచు."

గుండ్లగుట్టలో కొబ్బరిచెట్టు లేదు. చుట్టుపక్కల చేలల్లోనూ లేదు. నా కుండీల్లో మాత్రం మట్టికి బదులు సగం కొబ్బరిపీచు ఉంటుంది. ఏప్రిల్ నెలలో చీరాల నుంచి బస్తా తెప్పించాను. ఆ బస్తా దింపుకున్నప్పుడు ఎంత గర్వంగా ఉన్నానో, నజ్మీన్ దిగిన కొత్తలో కుండీలన్నీ చూపిస్తూ ఎంతసేపు నిలబెట్టానో నాకు గుర్తొచ్చింది.

ఎప్పుడు తెలిసింది అని అడిగాను. వచ్చిన రోజేనట.

"మరి సార్‌కి ఎందుకు చెప్పలేదు? అంత మాట అంటుంటే ఊరుకున్నావేం?"

"మీ ఇంట్లో కూర్చుని, మీరు వేసిన అట్టు తింటూ, మీ పేరు ఎలా చెప్పను ఆంటీ?" అంది. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది. భూతద్దం పక్కకు జరిపి మళ్ళీ అంది. "మీరే చెబుతారనుకున్నాను."

కూర డబ్బా ఆమె బల్లమీద పెట్టి మెట్లు దిగాను. మా మేడకు పద్దెనిమిది మెట్లు. ఆ రోజు అవి ఎంతకీ అయిపోలేదు. పొరపాటు చేసినందుకు కాదు. పొరపాటుకు ఏదో ఒక పేరు పెట్టుకోవచ్చు, ప్రేమ అనో అలవాటు అనో. పచ్చడి గిన్నె పట్టుకుని నిలబడ్డ ఆ రెండు క్షణాలకు మాత్రం ఏ పేరు పెట్టుకోను?

సోమవారం పొద్దున మా ఆయనకు సంగతంతా చెప్పాను. ఆయన జోకు వేయలేదు. బస్టాండు దాకా బండి మీద దింపి, నన్నూ రమ్మంటావా అన్నారు. వద్దన్నాను. గుంటూరులో శశిభూషణ్‌గారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఎవరింటికైనా ఖాళీ చేతులతో వెళ్ళడం నాకు అదే మొదటిసారి. దారిలో పళ్ళ బండి కనిపిస్తే కాళ్ళు వాటంతట అవే ఆగాయి. బలవంతాన ముందుకు నడిచాను. లంచంలా ఉంటుందని కాదు. చేతిలో సంచి ఉంటే నోటితో మాట్లాడవలసింది చేత్తో ఇచ్చేసి వచ్చేస్తానని.

వాళ్ళావిడ కాఫీ ఇచ్చారు. ఆయన ఎదురుగా కూర్చుని మొత్తం విన్నారు, మధ్యలో ఆపకుండా. కుండీలు, ఇరవై రెండు పురుగులు, ముత్తయిదువలు, ఆదివారం అల్లం పచ్చడి, అన్నీ చెప్పాను. అంతా విన్నాక ఆయన ముఖంలో కాస్త జాలి కనిపించింది. పల్లెటూరి ఇల్లాలు, ఆమెకేం తెలుస్తుంది అనుకున్నట్టున్నారు. నాకూ ఆ జాలి కింద దాక్కుంటే బాగుండుననిపించింది. నా కుండీల కింది పురుగులాగే.

"మీరు ఎంతవరకు చదువుకున్నారమ్మా?" అన్నారు.

పదో తరగతి అనాలనిపించింది. నిజంగా అనాలనిపించింది.

"బీఎస్సీ. జువాలజీ."

జాలి పోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు.

"అయితే ఖాళీ అంటే ఏమిటో మీకు తెలుసు," అన్నారు.

తెలుసన్నాను.

కాగితం ఇచ్చి, జరిగింది జరిగినట్టు రాసి సంతకం, తేదీ వేయమన్నారు. రాశాను. పెళ్ళయ్యాక పచారీ చీటీలు తప్ప నేను నా చేత్తో రాసిన మొదటి పేజీ అది. అది నేరం ఒప్పుకునే కాగితం అయింది. నజ్మీన్ కూడా సీసాలు ఇంకొకరి చేతికి అప్పగించకుండా ఉండాల్సిందని, ఆ మాట తనకు విడిగా చెబుతానని అన్నారు. నా వల్ల పడే ఆ చీవాట్లను మాత్రం ఆపలేకపోయాను. ఐదో విడతలో తూర్పు సీసాలు లెక్కలోంచి తీసేస్తామని, ఎందుకు తీసేశారో థీసిస్‌లో రాయాల్సి ఉంటుందని, ఆరో విడత సాక్షుల ఎదుట తీస్తే ముందు నాలుగూ నిలబడతాయని చెప్పారు. నేను లేచాను. గేటు దగ్గర ఆయన, "మళ్ళీ వెళ్తారా సీసాల దగ్గరికి?" అని అడిగారు. ఆ అమ్మాయి రానిస్తే అన్నాను.

మంగళవారం పొద్దున నా కూర డబ్బా మెట్లమీద కనిపించింది. శుభ్రంగా కడిగి, తుడిచి, మూత పెట్టి ఉంది. తీసి చూశాను. ఖాళీ. నజ్మీన్ మా ఇంటికి వచ్చాక డబ్బా ఖాళీగా తిరిగి రావడం అదే మొదటిసారి. నాకు దక్కవలసింది నాకు దక్కింది.

ఆరో విడతకు ఆమే వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఒక సాక్షి కావాలట, వస్తారా అంది. సీసాలు మాత్రం ముట్టుకోవద్దు ఆంటీ, పుస్తకంలో రాయండి చాలు అంది. సరేనన్నాను. అలా అనడానికి ఆ పిల్లకు ఎంత ఇబ్బందిగా ఉందో ఆమె చెవి కమ్మలు అదురుతుంటే తెలిసింది.

నవంబరు పొద్దు. మంచు ఇంకా విడలేదు. యలమందయ్య గేటు దగ్గర ఎదురు చూస్తున్నాడు. ముక్కుమీద కొత్త కళ్ళజోడు ఉంది. ఎప్పుడు పెట్టించావు అని అడిగాను, నడుస్తూ మాట్లాడటానికి ఏదో ఒక మాట ఉండాలి కదా అని.

"పోయిన నెల్లోనే అమ్మా. ఆ సీసాల సంగతి గుంటూరు పెద్దసారు మా ఆఫీసుకి ఫోన్ చేసి అడిగారంట. నేను తెచ్చినప్పుడు తూర్పు సీసాల్లో ఏమీ లెవ్వని మా సారోళ్ళకి ఎంత చెప్పినా ఇనలేదు. రెండేసి పురుగులుంటే నీకు కనబళ్ళేదంటే చూపు పోయిందిరా అన్నారు. నరసరావుపేట పోయి చూపిచ్చుకున్నా. కొంచెం పోయిందంట నిజంగానే."

నా కాళ్ళు ఆగిపోయాయి. నజ్మీన్ కూడా ఆగింది. ఆమెకూ ఈ సంగతి తెలియదు.

"నీ చూపు బాగానే ఉంది యలమందయ్యా. అప్పుడు సీసాల్లో ఏమీ లేవు. తర్వాత నేనే వేశాను," అన్నాను. "మీ సార్లకు కూడా నేనే వచ్చి చెబుతాను."

ఆయన కళ్ళజోడు కొంచెం కిందికి జరిపి, దాని మీదుగా నన్ను చూశాడు. తిడతాడని ఎదురు చూశాను. ఎవరైనా ఒకరు గట్టిగా తిడితే ఈ వ్యవహారం తేలిపోయేది.

"పోనీలెండమ్మా. పేపరు సదూకోటానికి పనికొస్తంది," అని ముందుకు నడిచాడు.

తూర్పు కంచె దగ్గరికి వచ్చాం. అవతల మిరప ఏపుగా, ఒక్క ఆకు ముడత లేకుండా పచ్చగా ఉంది. మందు వాసన ముక్కుకు తగులుతోంది. నజ్మీన్ మోకాళ్ళమీద కూర్చుని మొదటి గ్లాసు మీద వాన పడకుండా పెట్టిన పైకప్పు తీసింది. ఉప్పునీళ్ళు, ఒక ఎండుటాకు. పురుగు లేదు. ఆ నీళ్ళు సీసాలోకి వంచి, వెలుతురుకు ఎత్తి ముందు తను చూసి, తర్వాత యలమందయ్యకు చూపించి, తర్వాత నాకు చూపించింది.

"ఏమీ లేదు," అన్నాడు యలమందయ్య, కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చూసి.

పుస్తకంలో ఒకటో గ్లాసు ఎదురుగా సున్నా చుట్టాను. రెండోదాని ఎదురుగా ఇంకోటి. మూడోది. నాలుగోది. చేతులు నొప్పి పుట్టాయి, రాసి కాదు, ఏమీ వేయకుండా ఉండి. పదకొండూ అయ్యాక పుస్తకం నజ్మీన్‌కు ఇచ్చాను. ఆమె తీసుకుని, నా ఎదుటే, ఒక్కొక్క సీసా మళ్ళీ ఎత్తి చూస్తూ నేను చుట్టిన సున్నాలన్నిటినీ మొదటినుంచి సరిచూసుకుంది.

ఆమె చూడటం అయ్యేదాకా నేను అక్కడే నిలబడ్డాను.